పక్షవాతం తర్వాత మాట: ప్రపంచ పరిశోధనలో తెలుగుకు చోటెంత?

మెదడులో రక్తనాళం మూసుకుపోయి పక్షవాతం వచ్చిన మనిషికి మొదటి గంటల్లో గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తారు. అది గ్లాస్గోలోనూ గుంటూరులోనూ ఒకేలా పనిచేస్తుంది. చికిత్స పనిచేస్తుందో లేదో రోగుల మీద చూసే అధ్యయనాన్ని ట్రయల్ అంటారు. ఒక దేశంలో జరిగిన ట్రయల్ ఫలితాన్ని ఇంకో దేశపు డాక్టరు నమ్మి వాడుకోవచ్చు. చెయ్యీ కాలూ కదిలించే వ్యాయామాల్లో కూడా చాలావరకు అంతే. మాట దగ్గరికి వచ్చేసరికి ఈ వీలు ఉండదు. పోయిన మాటను తిరిగి రప్పించే స్పీచ్ థెరపీ రోగి పుట్టి పెరిగిన భాషలో, అతని ఇంట్లో వాడే మాటలతో జరగాలి. పరీక్ష ఆ భాషలో ఉండాలి, బొమ్మలు ఆ ఊరివి కావాలి, థెరపిస్టుకు ఆ యాస తెలియాలి. అందుకే పక్షవాత చికిత్సలో దేశాల మధ్య సహకారం అత్యంత అవసరమైనదీ, అత్యంత కష్టమైనదీ ఈ విభాగంలోనే.

ముందు ఒక తేడా చెప్పుకోవాలి. మన ఇళ్లలో "మాట పడిపోయింది" అనేస్తాం. అందులో రెండు వేర్వేరు సమస్యలు కలిసిపోతుంటాయి. నాలుక, పెదవులు, గొంతు కండరాలు బలహీనపడి మాట ముద్దగా రావడం ఒకటి. అక్కడ భాష చెక్కుచెదరదు, ఉచ్చారణ మాత్రమే దెబ్బతింటుంది. రెండోది అఫేసియా. ఇందులో మెదడులో భాషను నడిపే భాగాలే దెబ్బతింటాయి. కావలసిన మాట దొరకదు, లేదా ఒకటి అనబోయి ఇంకొకటి వస్తుంది. ఎదుటివాళ్లు చెప్పేది పూర్తిగా అర్థం కాకపోవచ్చు. చదవడం, రాయడం, డబ్బు లెక్కపెట్టడం కూడా తప్పిపోవచ్చు. పక్షవాతం వచ్చి బతికి బయటపడ్డవాళ్లలో దాదాపు మూడో వంతు మందికి ఎంతో కొంత అఫేసియా ఉంటుంది.

1861లో పారిస్‌లో పాల్ బ్రోకా, 1874లో జర్మనీలో కార్ల్ వెర్నికే మెదడు ఎడమ సగంలో ఏ చోటు దెబ్బతింటే భాషలో ఏది పోతుందో చూపించారు. ఇన్నేళ్లు గడిచినా చాలా కుటుంబాలకు ఈ విషయం చేరలేదు. మాట తడబడే పెద్దాయనకు మతి పోయిందని అనుకుంటారు. ఆయన ముందే ఆయన గురించి మాట్లాడుకుంటారు, పొలం కాగితాల మీద వేలిముద్ర వేయించుకుంటారు. నిజానికి తెలివి, జ్ఞాపకాలు, ఇష్టాయిష్టాలు చాలామందిలో నిలిచే ఉంటాయి. వాటిని బయటపెట్టే దారి మాత్రమే మూసుకుపోయి ఉంటుంది.

ఆ దారి తెరవడానికి స్పీచ్ థెరపీ పనికొస్తుందా అనే ప్రశ్నకు జవాబు రావడానికి చాలా ఏళ్లు పట్టింది. కారణం, ట్రయల్స్ అన్నీ చిన్నవి. ఒక ఆసుపత్రిలో ఒక ఏడాదిలో ఒకే రకం అఫేసియా ఉన్నవాళ్లు పదుల సంఖ్యలోనే దొరుకుతారు. వాళ్లలోనూ వయసు, దెబ్బ తీవ్రత, చదువు వేర్వేరు. 2016లో ట్రయల్స్ ఫలితాలను కలిపి సమీక్షించే కాక్రేన్ సంస్థ కోసం మరియన్ బ్రేడీ బృందం అప్పటిదాకా జరిగిన ట్రయల్స్‌ను ఒకచోట చేర్చింది. 57 ట్రయల్స్‌లో ఉన్న రోగులు కలిపి 3,002 మంది. గుండెజబ్బు మందుల్లో ఒక్క ట్రయల్‌లోనే అంతకు ఎన్నో రెట్ల మంది ఉంటారు. ఆ సమీక్షలో థెరపీ వల్ల మాట్లాడటం, చదవడం, రాయడం మెరుగవుతాయని తేలింది. కానీ ఎన్ని గంటలు, వారానికి ఎన్నిసార్లు, ఎవరికి ఏ పద్ధతి అనే అసలు ప్రశ్నలకు అంత చిన్న లెక్కల్లోంచి జవాబు రాదు.

ఇక్కడే దేశాలు చేతులు కలపాల్సి వచ్చింది. గ్లాస్గో కాలెడోనియన్ యూనివర్సిటీ కేంద్రంగా, బ్రేడీ నాయకత్వంలో 2013లో అఫేసియా ట్రయలిస్టుల సహకార బృందం ఏర్పడింది. దానికి మొదటి డబ్బు ఐరోపాకు చెందిన కాస్ట్ అనే పథకం నుంచి 2017 దాకా వచ్చింది. ఈ పథకం పరిశోధనకు నేరుగా డబ్బు ఇవ్వదు. వేర్వేరు దేశాల వాళ్లు కలిసి కూర్చోవడానికి, ఒకరి ల్యాబ్‌కు ఇంకొకరు వెళ్లిరావడానికి, కొత్త పరిశోధకులకు శిక్షణ ఇవ్వడానికి మాత్రమే ఇస్తుంది. మీటింగులకు డబ్బు ఖర్చుపెడితే ఏమొస్తుందని అనిపించవచ్చు. ఈ రంగంలో చాలా వచ్చింది. ఆ తర్వాత బ్రిటన్‌లోని ట్యావిస్టాక్ ట్రస్టు సాయంతో అదే బృందం ఐరోపా దాటి ఇతర ఖండాలకూ విస్తరించింది.

వాళ్లు చేసిన పెద్ద పని రిలీజ్ అధ్యయనం. పాత ట్రయల్స్ సగటు ఫలితాలను కాకుండా, ప్రతి రోగి అసలు వివరాలను పేర్లు తీసేసి ఒకే డేటాబేస్‌లోకి తెచ్చారు. 28 దేశాలు, 174 డేటాసెట్లు, 5,928 మంది రోగులు. చెప్పడానికి ఒక్క వాక్యమే కానీ చేయడానికి ఏళ్లు పట్టింది. ప్రతి దేశంలో రోగి సమాచార గోప్యతకు వేరే చట్టం ఉంది. ఒకరు వాడిన పరీక్షలో మార్కులు వందకు, ఇంకొకరి పరీక్షలో అరవైకి. కొందరు థెరపీ గంటలు రాసిపెట్టారు, కొందరు రాయలేదు. వస్తువుల పేర్లు చెప్పడం, విని అర్థం చేసుకోవడం, రోజువారీ సంభాషణ వంటి వాటిని విడివిడిగా తీసి, వేర్వేరు పరీక్షల మార్కులను ఒకే కొలతకు మార్చాకే లెక్కలు మొదలయ్యాయి.

2022లో వచ్చిన ఫలితాల్లో మోతాదు లెక్క అందరికీ పనికొచ్చేది. థెరపీ వివరాలు సరిగ్గా ఉన్న 25 ట్రయల్స్ నుంచి 959 మందిని తీసుకుని చూస్తే, మొత్తం భాషలోనూ అర్థం చేసుకోవడంలోనూ ఎక్కువ మెరుగుదల 20 నుంచి 50 గంటల థెరపీ అందినవాళ్లలో కనిపించింది. వారానికి మూడు నుంచి ఐదు రోజులు, అంతకంటే ఎక్కువ రోజులు థెరపీ జరిగినచోట లాభం బాగుంది. 20 గంటల కంటే తక్కువ అందినవాళ్లలో అర్థం చేసుకునే శక్తి చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. రోగి జీవితానికి సరిపోయేలా పాఠం మార్చినచోట, ఇంట్లో చేయడానికి అభ్యాసం ఇచ్చినచోట ఫలితం ఇంకా మెరుగు. ఇవన్నీ సంబంధాలను చూపే లెక్కలే. ఇంత మోతాదు ఇస్తే ఇంత ఫలితం వచ్చి తీరుతుందనే రుజువుగా వీటిని తీసుకోకూడదు. అయినా గాలిలో ఉన్న చర్చకు ఇవి నేల చూపించాయి.

ఎక్కువైతే ఎప్పుడూ మంచిదేనా అంటే అదీ కాదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలోని 17 ఆసుపత్రుల్లో 246 మందితో జరిగిన వర్స్ ట్రయల్ పక్షవాతం వచ్చిన తొలి రోజుల నుంచే గట్టిగా థెరపీ ఇచ్చి చూసింది. మామూలు మోతాదు కంటే అదనపు లాభం కనిపించలేదు. మరోవైపు జర్మనీలో కాటరీనా బ్రైటెన్‌స్టైన్ బృందం ఆరు నెలలు దాటిన 156 మంది పాత రోగులకు మూడు వారాల పాటు వారానికి పది గంటలకు పైగా థెరపీ ఇచ్చింది. వాళ్ల సంభాషణ స్పష్టంగా మెరుగైంది. 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఈ ఫలితం మన ఆసుపత్రుల్లో ఇప్పటికీ వినిపించే ఒక మాటను తప్పని చూపించింది. "ఆరు నెలల్లో రాకపోతే ఇక మాట రాదు" అనే ఆ మాట విని ఎన్ని కుటుంబాలు ప్రయత్నం ఆపేసుకున్నాయో!

బ్రిటన్‌లో రెబెకా పామర్ నడిపిన ట్రయల్ ఇంకో కోణం చూపిస్తుంది. 278 మందిలో కొందరికి కంప్యూటర్ ప్రోగ్రాం ఇచ్చి ఇంట్లోనే అభ్యాసం చేయించారు. సాధన చేసిన మాటలు బాగా గుర్తొచ్చాయి. మామూలు సంభాషణ మాత్రం పెరగలేదు. అఫేసియా యాప్‌లు అమ్మేవాళ్లు ఈ రెండో సగాన్ని చెప్పరు. అందుకని యాప్‌లు వద్దని కాదు, మనిషితో మాటకు మాట కలిపే అభ్యాసం వాటితో తీరదని గుర్తుంచుకోవాలి.

ఇంతవరకు కథ బాగానే ఉంది. కానీ ఈ జ్ఞానం ఏ భాషల రోగుల నుంచి వచ్చింది? 2011లో పరిశోధకులు మాడలిన్ బెవరిడ్జ్, థామస్ బాక్ ప్రముఖ పత్రికల్లో పదేళ్ల అఫేసియా వ్యాసాలను పరిశీలించి, వాటిలో సగానికి పైగా ఇంగ్లిష్ మాట్లాడే రోగుల మీదే ఉన్నాయని చూపించారు. మిగిలినవాటిలో పెద్ద వాటా ఐరోపా భాషలది. కోట్లమంది మాట్లాడే ఆసియా, ఆఫ్రికా భాషలకు దక్కింది చాలా తక్కువ. ఈ తేడాను తర్జుమాతో పూడ్చవచ్చని అనుకుంటే పొరపాటు.

ఒక చిన్న ఉదాహరణ. వాక్యం అర్థమైందో లేదో చూడటానికి ఇంగ్లిష్ పరీక్షల్లో కర్మణి వాక్యాలు బాగా వాడతారు. అబ్బాయి అమ్మాయిని తోశాడా, అమ్మాయి అబ్బాయిని తోసిందా అనేది మాటల వరసను బట్టి తేల్చుకోవాలి. తెలుగులో "అమ్మాయి చేత అబ్బాయి తోయబడ్డాడు" అని ఇంట్లో ఎవరూ అనరు. ఆరోగ్యంగా ఉన్న మనిషి కూడా ఒక క్షణం ఆగుతాడు. పైగా "-ని", "చేత" ఉన్నాయి కాబట్టి వరస మార్చినా అర్థం మారదు. ఆ వాక్యం తప్పిన రోగికి వ్యాకరణం పోయిందో, పుస్తకాల భాష అలవాటు లేదో పరీక్ష చెప్పలేదు.

అలాగే మాట తెగి తెగి వచ్చే బ్రోకా రకం అఫేసియాలో ఇంగ్లిష్ రోగి ద, ఆఫ్, ఇన్ లాంటి చిన్న చిన్న పదాలు వదిలేస్తాడు. తెలుగులో ఆ పని చేసేవి పదానికి అతుక్కుని ఉండే విభక్తులు, క్రియ చివర ఉండే ప్రత్యయాలు. వెళ్ళాడు, వెళ్ళింది, వెళ్ళారు, వెళ్ళను అనే రూపాల్లో ఎవరు, ఎందరు, ఎప్పుడు, అవునా కాదా అన్నీ ఉంటాయి. క్రియ చివర తప్పితే అర్థమే కాదు, మర్యాద కూడా తప్పుతుంది. కోడలిని "వచ్చాడు" అన్నా, అన్నగారిని "రా" అన్నా ఇంట్లో వాళ్లు నొచ్చుకునే ప్రమాదం ఉంది. అది జబ్బు చేసిన తప్పని కుటుంబానికి విడమరిచి చెప్పడం కూడా తెలుగు థెరపీలో భాగం కావాలి. ఇంగ్లిష్ మాన్యువల్‌లో ఈ పాఠం దొరకదు.

ఇక బొమ్మ చూసి పేరు చెప్పే పరీక్షలో ఒక జిల్లాలో సొరకాయ, ఇంకో జిల్లాలో ఆనపకాయ. రెండూ సరైన జవాబులే. ఫ్యాన్, సోప్, లైట్ అని చెప్పినా సరైనవే, ఎందుకంటే ఇంట్లో వాడేవి అవే. పొద్దున్న తెలుగు, బజారులో దక్కనీ ఉర్దూ, ఆఫీసులో ఇంగ్లిష్ మాట్లాడే హైదరాబాదీకి ఏ భాషలో పరీక్ష పెట్టాలి? అన్నిటిలోనూ పెట్టాలి. పక్షవాతం తర్వాత రెండు భాషలూ సమానంగా తిరిగి రావచ్చు, ఒకటి ముందు ఇంకొకటి తర్వాత రావచ్చు, ఒకటి అసలు రాకపోనూ వచ్చు. మాంట్రియల్‌లో మిషెల్ పారడీ 1980ల్లో రూపొందించిన ద్విభాషా అఫేసియా పరీక్ష ఈ చూపుతోనే తయారైంది. ఒక్కో భాషకు తర్జుమా చేయకుండా ఆ భాషకు తగ్గట్టు కొత్తగా రాయడం దాని పద్ధతి. బోస్టన్ యూనివర్సిటీలో భారతీయ మూలాలున్న స్వాతి కిరణ్ బృందం, రెండు భాషల రోగికి ఏ భాషలో థెరపీ ఇస్తే రెండోదానికి కూడా లాభం చేరుతుందో కంప్యూటర్ నమూనాతో ముందే అంచనా వేయడానికి పనిచేస్తోంది. అది స్పానిష్, ఇంగ్లిష్ జంట మీద నడుస్తోంది. తెలుగు, ఉర్దూ జంట మీద అలాంటి పని జరగాల్సిన చోటు హైదరాబాదే.

హైదరాబాద్ ఆ పనికి తగినదని ఊరికే అనడం లేదు. అఫేసియా, మతిమరుపు పరిశోధనలో ప్రపంచం చూపు ఒకసారి ఈ నగరం మీద పడింది. అప్పట్లో నిమ్స్‌లో న్యూరాలజిస్టుగా ఉన్న సువర్ణ అల్లాడి, ఎడిన్‌బరో యూనివర్సిటీకి చెందిన థామస్ బాక్ కలిసి చేసిన పని అది. అంతకుముందు టొరంటోలో జరిగిన పరిశోధనలో, రెండు భాషలు మాట్లాడేవాళ్లకు డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఆలస్యంగా వస్తుందని కనిపించింది. కానీ అక్కడ రెండు భాషలవాళ్లలో ఎక్కువమంది వలస వచ్చినవాళ్లు. లాభం భాష వల్లా, వలస వెళ్లగలిగిన ఆరోగ్యం వల్లా అనే అనుమానం తీరలేదు. హైదరాబాదులో ఆ చిక్కు లేదు. ఇక్కడ పుట్టి ఇక్కడే పెరిగినవాళ్లకూ, బడి ముఖం చూడనివాళ్లకూ రెండు మూడు భాషలు వస్తాయి. 2013లో 648 మంది డిమెన్షియా రోగులను పోల్చి చూస్తే, రెండు భాషలవాళ్లలో జబ్బు దాదాపు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. నిరక్షరాస్యుల్లో కూడా ఈ తేడా నిలిచింది.

పక్షవాతం మీద ఫలితం దీనికి కొనసాగింపుగా వచ్చింది. నిమ్స్ స్ట్రోక్ రిజిస్టర్‌లో 2006 నుంచి 2013 దాకా నమోదైన 608 మందిలో 353 మంది రెండు భాషలవాళ్లు. పక్షవాతం తర్వాత ఆలోచన, జ్ఞాపకం మామూలుగా ఉన్నవాళ్లు వీళ్లలో 40.5 శాతం. ఒకే భాష మాట్లాడేవాళ్లలో 19.6 శాతం మాత్రమే. అఫేసియా వచ్చినవాళ్ల శాతంలో మాత్రం తేడా లేదు, రెండు గుంపుల్లోనూ పది, పన్నెండు మధ్యే. అంటే రెండో భాష మాటకు కవచం కాదు. భాషలు మార్చుకుంటూ ఉండటంలో మెదడుకు అలవాటైన ఏకాగ్రత, నియంత్రణ దెబ్బ తర్వాత ఆదుకుంటున్నాయని పరిశోధకుల వివరణ. తర్వాత అవంతి పాప్లికర్, అదే బృందం అఫేసియా వచ్చినవాళ్లను మాత్రమే తీసుకుని చూసినప్పుడు, రెండు భాషలవాళ్లలో దాని తీవ్రత తక్కువగా కనిపించింది.

ఈ సహకారంలో గమనించాల్సింది పొత్తు ఎలా కుదిరిందన్నది. ఎడిన్‌బరో నుంచి ప్రశ్న తెచ్చి ఇక్కడ రోగులను లెక్కపెట్టలేదు. ఏళ్ల తరబడి ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో జాగ్రత్తగా నింపిన రిజిస్టర్ ఉంది. తెలుగు, హిందీ, ఉర్దూ మాట్లాడేవాళ్లకు సరిపోయేలా పరీక్షలను ముందే మలిచి, ఆరోగ్యవంతుల మీద సరిచూసుకున్నారు. సిద్ధాంతం, విశ్లేషణ రెండు వైపుల నుంచీ వచ్చాయి. తర్వాత భారత వైద్య పరిశోధన మండలి తెలుగుతో సహా పలు భారతీయ భాషల్లో మెదడు పనితీరు పరీక్షల కట్ట తయారు చేయించడంలో ఈ అనుభవమే పనికొచ్చింది. విదేశీ నిధుల కంటే ఆ రిజిస్టరే పెద్ద పెట్టుబడి.

సహకారం ఎప్పుడూ విజయంతో ముగియదు. అటెండ్ ట్రయల్ సంగతి ప్రతి ఆరోగ్య శాఖా చదవాలి. సిడ్నీలోని జార్జ్ ఇన్‌స్టిట్యూట్, లూథియానా క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి చెందిన జయరాజ్ పాండియన్ ముందుండి నడిపిన ఈ ట్రయల్ భారత్‌లోని 14 ఆసుపత్రుల్లో 1,250 మందితో సాగింది. ఆలోచన ఆకర్షణీయమైనదే. థెరపిస్టులు తక్కువ, కుటుంబాలు దగ్గర. కాబట్టి ఇంట్లో వాళ్లకే నేర్పించి వాళ్లతోనే పునరావాసం చేయిస్తే? ఆసుపత్రిలో కొన్ని రోజులు శిక్షణ ఇచ్చి, ఇంటికి వెళ్లాక కొన్నిసార్లు వచ్చి చూసేవారు. 2017లో లాన్సెట్‌లో వచ్చిన ఫలితం నిరాశపరిచింది. ఆరు నెలల తర్వాత చనిపోయినవాళ్లు, ఇతరుల మీద ఆధారపడినవాళ్లు కలిపి, ఇంట్లో వాళ్లకు శిక్షణ ఇచ్చిన గుంపులోనూ మామూలు చికిత్స గుంపులోనూ 47 శాతమే.

ఈ ట్రయల్ ముఖ్యంగా కొలిచింది రోజువారీ పనుల్లో స్వతంత్రతను. మాట కోలుకోవడం దాని ప్రధాన ప్రశ్న కాదు. అయినా పాఠం వర్తిస్తుంది. పొలానికో, కూలికో, ఆఫీసుకో వెళ్లొచ్చి, వంట చేసి, మంచం పట్టిన మనిషికి స్నానం చేయించే ఆ ఇంటి ఆడమనిషి మీదే ఇంకో బరువు పెట్టి దాన్ని తక్కువ ఖర్చు చికిత్స అనడం న్యాయం కాదు. కుటుంబం థెరపీకి బలం ఇస్తుంది, థెరపిస్టు చోటును భర్తీ చేయలేదు. రిలీజ్ లెక్కల్లో ఇంటి అభ్యాసం లాభం చూపించింది థెరపీకి తోడుగా నడిచినచోట. ఫలితం రాలేదని దాచకుండా ఇంత పెద్ద ట్రయల్‌ను ప్రకటించడం వల్ల ఇతర పేద దేశాలకు అదే దారిలో డబ్బు పోయకుండా ఆగే వీలు దొరికింది. అది కూడా సహకార ఫలమే.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. పిల్లల దగ్గర ఉండటానికి అమెరికా వెళ్లిన తల్లికి అక్కడ పక్షవాతం వస్తే, మంచి ఆసుపత్రి దొరుకుతుంది, తెలుగులో థెరపీ దొరకదు. దుబాసీని పెట్టుకుంటే చాలామటుకు వాళ్లు రోగి చెప్పిన వంకర వాక్యాన్ని సరిచేసి చెప్పేస్తారు, పరీక్షలో చూడాల్సింది ఆ వంకరే. వీడియో కాల్‌లో సికింద్రాబాద్ నుంచి థెరపిస్టు పనిచేయవచ్చు కదా అంటే, సాధారణంగా రోగి ఉన్న రాష్ట్రంలో లైసెన్సు ఉన్నవాళ్లే థెరపీ ఇవ్వాలన్నది అక్కడి నిబంధన. అక్కడి లైసెన్సు ఉన్న థెరపిస్టు, ఇక్కడి తెలుగు థెరపిస్టు కలిసి ఒకే సెషన్ నడిపే ఏర్పాటును రెండు దేశాల వృత్తి సంఘాలు ఆలోచించాలి. సాంకేతికంగా అడ్డేమీ లేదు.

ఒకే కొలమానం లేకపోతే మాత్రం ఏ ఏర్పాటైనా కుంటుతుంది. పరిశోధకురాలు సారా వాలెస్ నడిపిన, కొలమానాల మీద కుదిరిన రోమా అనే అంతర్జాతీయ ఒప్పందం అఫేసియా ట్రయల్స్ అన్నీ భాషకు వెస్టర్న్ అఫేసియా బ్యాటరీ అనే పరీక్షల కట్ట, జీవన నాణ్యతకు, మానసిక స్థితికి ఎంపిక చేసిన ప్రశ్నావళులు వాడాలని సూచించింది. వీటన్నిటికీ సరిచూసిన తెలుగు రూపాలు, అవీ రెండు రాష్ట్రాల యాసలకూ సరిపోయేవి, అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంటే తెలుగు రోగుల వివరాలు ప్రపంచ డేటాబేస్‌లోకి నేరుగా చేరతాయి. మైసూరులోని వాక్ శ్రవణ సంస్థ, సికింద్రాబాద్‌లోని అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం వంటి చోట్ల దీనికి కావలసిన నైపుణ్యం ఉంది.

2023 మేలో ప్రపంచ ఆరోగ్య సభ పునరావాస సేవలను ఆరోగ్య వ్యవస్థలో భాగం చేయాలని తీర్మానం చేసింది. తీర్మానాన్ని ఒక జిల్లా ఆసుపత్రి లెక్కలోకి దింపి చూద్దాం. కనీసం 20 గంటల థెరపీ, వారానికి మూడు గంటల చొప్పున అయితే ఏడు వారాలు. రోగిని వారంలో డిశ్చార్జి చేస్తారు. తర్వాతి ఆరు వారాలు వారానికి మూడు రోజులు ఊరి నుంచి ఆటోలో, ఒక మనిషి తోడుతో, ఆ మనిషి కూలి పోగొట్టుకుని రావాలి. సగం సెషన్లు వీడియోలో పెట్టి, సగం పీహెచ్‌సీలో పెడితే ఇది సాధ్యమే. దానికి ప్రతి జిల్లా ఆసుపత్రిలో కనీసం ఒక స్పీచ్ థెరపిస్టు పోస్టు ఉండాలి, అది ఖాళీగా ఉండకూడదు. విదేశీ యూనివర్సిటీలతో వచ్చే తర్వాతి ఒప్పందంలో నిధులు మొదట వెళ్లాల్సింది ఈ ఏడు వారాలు తెలుగు రోగుల మీద నిజంగా నడిపి, ఫలితం ఎలా ఉన్నా ప్రకటించే ట్రయల్‌కే.